కూర్మమ్మ మడిలో బీట

భూమి కంపించిన పదకొండో రోజున కూర్మమ్మ మడిలో దిగాను. నిజం చెప్పొద్దూ, నాకు సంబరంగా ఉంది. వ్యవసాయాధికారిగా ఇది మొదటి ఉద్యోగం. ఎరువుల జాబితాలు రాసి రాసి విసుగెత్తిన నాకు భూకంప నష్టం అంచనా వేసే పని దొరికింది. విజయనగరంలో నాన్న కొట్టుకి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పాను.

కళింగపట్నం దారిలో అరవై సెంట్ల మడి అది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, మధ్యగా బీట. టేపుతో కొలిచాను, ఫొటోలు తీశాను. ముందురోజు పెట్టిన నీరు సగానికి దిగిపోయింది.

"ఇంకేముంది, నీరంతా ఈ బీటలోంచే పోతోంది" అని తేల్చేశాను.

వీఆర్వో నరసింగరావు గారు కాగితం ముందుకు తోశారు. "ఈ ఏడు సాగుకి పనికిరాదని రాసీండి మేడమ్. ఇంకా నాలుగు మళ్లు సూడాలి."

కలం తీశాను. కూర్మమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా బురద.

"ఆ మాట రాయకమ్మా. రాస్తే కాలవ నీటి వంతులోంచి నా మడి తీసెత్తారు. నారు ముదిరిపోతన్నాది. నాలుగు రోజుల్లో నాటకపోతే ఈ ఏడు నాకు గింజుండదు."

"నీళ్లు నిలవని మడిలో ఏం నాటుతావమ్మా?" చిరాకుపడ్డాను.

"బీటలోంచే పోతన్నాదని నువ్వు సూసినావేటి?"

చూడలేదు. బీటను చూశాను, అంతే. ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, నా మీదే.

కూర్మమ్మ చాటెడు ఊక తెచ్చి నీళ్లమీద చల్లింది. "నీరెటు పోతే ఊకా అటే పోతాది. సూడు."

ఊక మెల్లగా కదిలింది. బీట దగ్గరికి వచ్చేసరికి కళ్లప్పగించి చూశాను. ఆగలేదు. దాటిపోయింది! వంగి బీటలో చెయ్యి పెట్టాను. తడికి బంకమట్టి ఉబ్బి లోపలంతా మూసుకుపోయి ఉంది. ఊక తూర్పు మూలకి చేరి, గిర్రున తిరిగి, గట్టు కింద ఒక బొక్కలోకి జారుకుంటోంది.

"ఓసి నీ దుంప తెగ!" కూర్మమ్మ మోచేతి దాకా బొక్కలోకి చెయ్యి పెట్టి పిడికిలంత పీతను బయటికి లాగింది.

"భూకంపం కాదండీ, పీత!" నా అరుపుకి కొంగలు లేచిపోయాయి.

బొక్కలో బురదా గడ్డీ కూరి, ఇద్దరం ఎక్కి తొక్కాం. మడిలో పుల్ల గుచ్చి, నీటి మట్టం దగ్గర దారం కట్టాను. నరసింగరావు గారు మిగతా మళ్లు చూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. నేను గట్టు మీంచి కదల్లేదు. దారం ఇంకా నీటిని తాకుతూనే ఉంది. నాలుగుసార్లు కొలిచాను, పిచ్చి సంతోషంతో.

"మరి బీట?" అన్నారాయన.

"బీటా ఉంది, నీరూ ఉంది." సాగుకు యోగ్యం, వంతు ప్రకారం నీరివ్వాలి అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

నాట్ల రోజున కబురొస్తే పరిగెత్తాను. కూర్మమ్మ నారుకట్ట నా చేతిలో పెట్టింది. "మొదటి మొక్క నువ్వే ఎట్టు."

"ఎక్కడ?"

"ఎక్కడ నీరు పోతన్నాదన్నావో అక్కడే."

చీర ఎగదోపి దిగాను. నేను టేపు పెట్టి కొలిచిన చోటే, వంగి నాటాను.