కత్తెర వదలని చెయ్యి

అచ్చాయమ్మ పోయి ఏడాది కావస్తోంది గానీ, ఆమె కుడిచెయ్యి మాత్రం కొమ్మల కత్తెర పిడిని ఇంకా వదల్లేదు. కడియం నర్సరీలో ఆ కత్తెర ఎక్కడ తగిలిస్తే, గాజులతో సహా చెయ్యీ అక్కడే వేలాడుతుంది.

సత్తిరాజు జడవడు. పెళ్ళాం చెయ్యి చూసి జడుపేమిటి? ఆయన బెంగల్లా తుప్పు గురించే. ఇవాళ అది పిడి దాకా పాకి ఆమె చిటికెన వేలి గోరును అంటింది. చేతినీ తినేస్తే ఆయనకిక ఎవరూ ఉండరు.

ఇంటి గోడలు మరికాస్త ఎడంగా జరుగుతాయి. ఒక్క మనిషికి అంత ఇల్లెందుకో వాటికే తెలియాలి.

కిరసనాయిలు గుడ్డ తెచ్చుకుని కత్తెరను లాగుతాడు. చెయ్యి ఇంకా బిగుస్తుంది.

పక్కింటి నూకరత్నం కంచె మీంచి తొంగి చూస్తుంది. "ఆ లాగుడేంటి బాబాయ్? కత్తెర చేతిలోంచి చేతిలోకి తీసుకుంటే గొడవలొత్తాయని తెల్దా? పిన్ని ఎట్టా ఇత్తాది?"

నిజమే. కాపరం చేసినన్నాళ్ళూ ఆమె కత్తెరను నేలమీద పెట్టేది, ఆయన తీసుకునేవాడు. ఒకరి చెయ్యి ఒకరికి తగిలిందే తక్కువ.

"కింద పెట్టవే," అంటాడు.

చెయ్యి కత్తెరను నేలమీద పెట్టి, పక్కనే సోలిపోతుంది.

సత్తిరాజు మర విప్పి, రేకులు విడదీసి, ఎండిన జిగురంతా తుడుస్తాడు. గరుకు కాగితంతో రుద్ది, సానరాయి మీద నూరి, స్ప్రింగుకు కొబ్బరినూనె పట్టిస్తాడు. కత్తెర తళతళలాడుతుంది. ఎవరికి చూపించాలి? ఏడుపొస్తుంది, ఏడుస్తాడు.

తుప్పంటిన గోరును ఆ కత్తెరతోనే కత్తిరిస్తాడు. కొమ్మ బతికుందో లేదో చూసినట్టు, చేతిని మెల్లగా గీరి చూస్తాడు. లోపల పచ్చగా ఉంది. సంచిలో ఎర్రమట్టి నింపి, వేళ్ళు పైకుండేట్టు గాజుల దాకా నాటుతాడు.

తర్వాత తన చెయ్యి గీరుకుంటాడు. ఎండిపోయి ఉంది.

"ఎండుకొమ్మ ఏం బతుకుద్ది బాబాయ్?"

"బతక్కపోతే మానె. పక్కనుంటాది కదమ్మా."

అదే సంచిలో తన చేతిని మణికట్టు దాకా దోపుతాడు. అచ్చాయమ్మ వేళ్ళు వంగి, దాని చుట్టూ మట్టిని అదుముతాయి. నూకరత్నం చెంబుతో ఇద్దరికీ నీళ్ళు పోస్తుంది.

వెనకాల ఇంటి గోడలు ఒక్కొక్కటే నడిచొచ్చి, సంచి చుట్టూ నీడ పడేట్టు నిలబడతాయి. కొత్తగా నాటిన కొమ్మకు ఎండ తగలకూడదు.