వలందదిబ్బలో నా కింద ఎవరూ లేరు

నేను ఒక నల్లరాతి పలకను. మనిషి పడుకుంటే సరిపోయేంత పొడవు. ఒంటి నిండా డచ్చి అక్షరాలు, పైన ఓడ బొమ్మ. చూడగానే సమాధి రాయి అంటారు మీరు. తప్పు మీది కాదండి, నోరు విప్పని నాది.

డచ్చివాళ్లను మన పెద్దలు వలందులు అనేవారు. వాళ్ల రేవులో ఒక దొర పోతే ఆయన కోసం నన్ను చెక్కించారు. చెక్కిన ఆచారికి ఆ భాష రాదు. కాగితం మీది గీతలు చూసుకుంటూ చెక్కుకుపోయాడు. చివరికొచ్చేసరికి చోటు చాలక దొర పేరు సగంలో ఆగిపోయింది. సగం పేరు రాయి ఎవరికి కావాలి? అవతల పారేశారు. ఖాళీ పడవ గాలికి తూలకుండా అడుగున బరువు వేస్తారు కదా, ఒక సరంగు నన్ను అందుకు తీసుకున్నాడు. దారిలో పడవ ఇసుకలో కూరుకుపోతే, తేలిక చేయడానికి నన్ను ఒడ్డుకు దొర్లించి తన దారిన తాను పోయాడు.

ఆ ఒడ్డే వలందదిబ్బ. నేను దిగేనాటికే దానికి ఆ పేరుంది. ఎందుకో నాకూ తెలియదు.

మనుషులు తెలియదని ఒప్పుకోరు కదా! వలందులు కాపురమున్న దిబ్బ అన్నారు కొందరు. కాదు, తుఫానులో దీపం పట్టుకు నిలబడి పడవల్ని ఒడ్డుకు చేర్చిన వలందమ్మ అనే ఆడపడుచు పేరు అన్నారు ఇంకొందరు. ఇద్దరికీ సాక్షిని నేనే. దొర నా కిందే ఉన్నాడట, అమ్మా నా కిందే ఉందట!

పెమ్మాడి సత్తెమ్మ నమ్మింది అమ్మనే. రోజూ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నా మీదా చుట్టూ మెత్తళ్లు ఎండబోసేది. నల్లరాయిని కదా, ఆ చిన్న చేపలు ఒక్క ఎండకే గలగలలాడేవి. పది ఇళ్ల ఆడవాళ్లకు ఆ దిబ్బే బతుకు.

నరసింగరావు మాస్టారు నమ్మింది దొరను. మంచివాడే. ఊరి పేరు నలుగురికీ తెలియాలని జిల్లాకు అర్జీలు పెట్టాడు. ఒకరోజు ఆఫీసరు వచ్చాడు. ఇది పాత సమాధి, దిబ్బంతా కంచె వేస్తాం, ఇక చేపలు ఎండబెట్టకూడదు అన్నాడు.

"ఏం మాస్టారూ, మీ దొరకి మా మెత్తళ్ల వాసన పడలేదేటి?" అంది సత్తెమ్మ.

"నేను కంచె అడగలేదు సత్తెమ్మా. ఒక బోర్డు పెట్టమన్నానంతే."

"బోర్డు మీద ఏటి రాత్తారు? ఇక్కడ ఆడోళ్లు పస్తులున్నారనా?"

కింద ఎవరూ లేరని తేలితే కంచె ఉండదు, తవ్వి చూద్దామా అన్నాడు ఆఫీసరు.

సత్తెమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఎముకలు దొరికితే దిబ్బ పోతుంది. ఏమీ దొరక్కపోతే దిబ్బ దక్కుతుంది, అమ్మ పోతుంది.

"అమ్మోరితో ఎటకారాలొద్దే," అని పక్కనే ఉన్న వదిన సత్తెమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మన ఆకలి అమ్మోరికి తెలీదేటి వదినా? తవ్వండి బాబూ."

నేను అరవాలనుకున్నాను. రాయిని, ఎలా అరుస్తాను? గునపాలతో నన్ను ఎత్తి బోర్లా పడేశారు. నిలువు లోతు తవ్వారు. ఇసుక, గుల్లలు, ఇంకా ఇసుక. సమాధి అనుకుని చెప్పులు విప్పి నిలబడిన మాస్టారు, ఆ చెప్పులు మరిచిపోయి ఉత్తికాళ్లతో ఇంటికి వెళ్లిపోయాడు. సత్తెమ్మ గోతిలోంచి గుప్పెడు ఇసుక తీసి, వేళ్ల సందుల్లోంచి జారిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది.

కంచె రాలేదు. గొయ్యి పూడ్చి, నన్ను అక్షరాలు కిందికి ఉండేలా మళ్లీ అక్కడే పడేశారు.

మర్నాడు సత్తెమ్మ గంప దించింది. నా కింద ఏమీ లేదని ఇప్పుడు ఆమెకు తెలుసు. కొంగుతో నన్ను తుడిచింది. ఇటూ అటూ చూసింది. ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, నా వీపు మీద గబుక్కున బొట్టు పెట్టింది. తర్వాతే మెత్తళ్లు పోసింది.

ఇన్నేళ్లూ తుఫాన్లకు కూడా కదలని రాయినండి నేను. ఆ వేలెడు బొట్టు మాత్రం మోయలేకపోతున్నాను.