గడప కింద అర అడుగు

వంటింటి వెనక తలుపు తెరిచి, ఆమె చక్రాల కుర్చీని గడప అంచున ఠక్కున ఆపింది.

నేల అర అడుగు కిందుంది.

పొద్దున పోసిన కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రీ అవతలి చివర కూర్చుని తాపీతో సాపు చేస్తున్నాడు. ఆమెను చూసి తల వంచుకున్నాడు. ఆ వంచుకోవడంలోనే ఏదో తేడా కనిపించింది ఆమెకు.

పెరట్లో కూర్చునే సిటౌట్ కోసం ఆమె పదకొండుసార్లు ప్లాన్ గీసింది. ఇళ్లకు ప్లాన్లు గీయడమే ఆమె పని. రెండేళ్ల కిందట కొలతలు తీసుకుంటూ పరంజా మీద నుంచి పడ్డాక కాళ్లు పోయాయి గానీ చెయ్యి పోలేదు. ఆ ప్లాన్‌లో గడపా నేలా ఒకే మట్టం. చివర నిమ్మచెట్టు దాకా సన్నటి వాలు. ఎవర్నీ పిలవకుండా బయటికెళ్లి కూర్చోవాలి, అంతే ఆమెకు కావలసింది. మట్టం తప్పకూడదని గోడ మీద నీలం పెన్సిలుతో గీత కూడా గీసింది.

ఇప్పుడు ఆ గీత లేదు. తడిగుడ్డతో తుడిచిన మరక ఉంది. దానికి అర అడుగు కింద ఎర్ర గీత ఒకటి కొత్తగా మెరుస్తోంది.

"ఎవరు చెరిపారు?"

మేస్త్రీ తాపీ కడుక్కోవడం మొదలుపెట్టాడు. కడిగిందే కడిగాడు. చివరికి, తనకేం సంబంధం లేదని, ఇంటాయన చెప్పినట్టు చేశానని, మెట్టుంటేనే అందమన్నారని గొణిగాడు.

ఆమెకు అన్నీ ఒక్కసారిగా కలిశాయి. పొద్దున్నే వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి పంపడానికి భర్త పడిన తొందర. ఆటో తనే పిలవడం. తోడుగా అత్తగారిని కూడా ఎక్కించడం. కాంక్రీటు పోసే వేళకు ఇంట్లో అడ్డుచెప్పే మనిషి లేకుండా చూసుకున్నాడు.

భర్త టీ కప్పులతో వచ్చాడు. ఆమె మొహం చూసి కప్పులు గట్టు మీద పెట్టేశాడు.

"నేనుంటాను కదా, దింపుతాను. నువ్వు పిలిస్తే చాలు" అన్నాడు.

"నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు?"

"అప్పుడు లోపలే ఉంటావు. ఆ మధ్య గేటు దగ్గర ఒక్కదానివే దిగబోయి బోల్తా పడ్డావు. ఎనిమిది కుట్లు. నేనింకోసారి చూడలేను."

"అయితే మెట్టు అందానికి కాదన్నమాట. తాళం."

అతను కప్పులను గట్టు లోపలికి జరిపాడు.

"భయం నీది. కాపలా నాకా? భయమేస్తుందని నా మొహం మీద చెప్పుంటే పోట్లాడుకునేవాళ్లం. దొంగతనంగా గీత చెరిపావు చూడు, అది మాత్రం క్షమించను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

అప్పుడామె కంట పడింది, తలుపు పక్కన గోడకు చేరవేసిన పొడుగాటి చెక్క. దాని నిండా సిమెంటు చక్రపు చారలు. పక్క సందు ఇరుకని కాంక్రీటు బండిని ఇంట్లోంచే తోసుకొచ్చారు. బండి గడప దిగలేదు కాబట్టి గడపకు చెక్క వేసుకున్నారు.

"మేస్త్రీ, నీ బండికి దారి వేసుకున్నావు. నా బండికి మెట్టు కట్టావు. ఒక్కసారైనా అనిపించలేదా?"

మేస్త్రీ చెక్కను చూశాడు, కుర్చీని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె చెయ్యి చాచి చెక్కను లాగింది. అది దభీమని గడప మీద పడి, అవతలి కొస పచ్చి కాంక్రీటులోకి దిగింది. భర్త అడుగు ముందుకు వేసేలోపే చక్రాలు కదిలాయి. కుర్చీ చెక్క దిగి, అప్పుడే సాపు చేసిన నేలలో వేలెడు లోతు చాళ్లు తీస్తూ సరిగ్గా మధ్యకు పోయి కూరుకుపోయింది.

భర్త చెప్పులు విప్పి దిగబోయాడు.

"నన్ను ముట్టుకోకు."

అలికిడికి అత్తగారు వంటింట్లోకి వచ్చింది. సంగతి గ్రహించడానికి ఆవిడకు ఆ చాళ్లు చాలు.

"నా మోకాళ్లకు కూడా ఆ మెట్టు వద్దురా" అంది కొడుకుతో. "రోజూ నన్నూ ఎత్తుకుని దింపుతావా?"

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి లేచాడు. ఇది గట్టిపడకముందే పైన ఇంకో అర అడుగు పోసెయ్యాలని, చుట్టూ అడ్డుపెట్టిన చెక్కల ఎత్తు ఇప్పుడే పెంచాలని, కంకర సరిపోతుందని, సిమెంటు మాత్రం మూడు బస్తాలు తక్కువని గబగబా లెక్కేశాడు. ఆ తర్వాత భర్త వైపు కాకుండా ఆమె వైపు తిరిగి అడిగాడు.

"మట్టం ఎక్కడికమ్మా?"

ఆమె చీర కొంగుకు గుచ్చిన నీలం పెన్సిలు తీసి భర్త వైపు విసిరింది.

"నువ్వే గియ్యి. చెరిపిన చోటే."

అతను పెన్సిలు అందుకుని, గోడ దగ్గర వంగి, ఆ మరక మీద నీలం గీత గీశాడు. గీత వంకర పోయింది.

"వంకరగా ఉంది. మళ్లీ గియ్యి" అంది ఆమె, కాంక్రీటు మధ్య నుంచి.