కాశయ్య తెచ్చిన సినిమా

కొమరోలు బయట మిట్ట మీద టూరింగు టాకీసు డేరా లేచిన నాడే ఊళ్లో ఆడవాళ్లకు సంగతి అర్థమైపోయింది. ఆ సినిమా వచ్చింది ఊరి కోసం కాదు, గురవమ్మ కోసం.

మూడేళ్ల కిందట, కరువు ముదిరిన వేసవిలో, గురవమ్మ మొగుడు కాశయ్య పది గొర్రెలను తోలుకుని గిద్దలూరు సంతకు పోయాడు. అమ్మి జొన్నలు తెస్తానన్నాడు. జొన్నలూ రాలేదు, కాశయ్యా రాలేదు. సంత పక్కన దిగిన సినిమా డేరాలో చేరాడని, ఎద్దుల బండెక్కి రేకుబూరతో ఊరూరా సినిమా గురించి కేకలేస్తున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. కొత్త రాష్ట్రం వచ్చింది, ఇక మెట్ట సీమకు నీళ్లొస్తాయని ఆ ఏడు మగవాళ్లు అరుగుల మీద చెప్పుకునేవాళ్లు. గురవమ్మ చేతిలో మిగిలినవి నలభై గొర్రెలు, ఒక ముసలి అత్త, చెట్ల కొమ్మలు వంచి మేత కోసే దోటికర్ర.

ఆ దోటికర్ర భుజానేసుకుని ఆమె మందను దిగువమెట్ట అడవికి తోలింది. ఆకులు కోసింది, తుమ్మకాయలు రాల్చింది, అడవి గార్డుతో పుల్లరి పన్ను గురించి పోట్లాడింది. నడవలేని ఒక కుంటి గొర్రెను మూడు రోజులు మెడ మీద మోసింది. వానలు పడ్డాక మందతో తిరిగొచ్చింది. ఇప్పుడా మంద డెబ్బై దాటింది. కాపులు తమ చేలల్లో మంద కట్టమని, ఎరువు కోసం, ఆమె ఇంటికొచ్చి అడుగుతున్నారు.

అట్లాంటి సమయంలో కాశయ్య తిరిగొచ్చాడు. కులపెద్ద పుల్లయ్య కాళ్ల మీద పడ్డాడు. సోమవారం పొద్దున గురవమ్మ జవాబు చెప్పాలని పెద్దలు తీర్మానించారు. ఏలుకుంటుందా, తెంచుకుంటుందా? ఈలోగా కాశయ్య డేరా యజమానిని బతిమాలి, కంపెనీ దగ్గరున్న ఫిల్ము పెట్టెల్లోంచి ఏరి ఏరి, మొగుణ్ణి క్షమించే ఇల్లాలి సినిమాను ఆదివారానికి తెప్పించాడు.

ఆదివారం పొద్దున బండి గురవమ్మ ఇంటి ముందు ఆగింది.

"కంటతడి పెట్టించే సంసార చిత్రం! చెదిరిన కాపురం ఎట్ల నిలబడిందో చూడండి! ఆడబిడ్డలు రెండు చీరలు కట్టుకోని రాండి, ఒక కొంగు చాలదు!" అని కాశయ్య రెండుసార్లు అరిచాడు. మూడోసారి గొంతు తగ్గించి, "తప్పు చేసినోడు ఎట్ల మారినాడో చూడండి" అని చేర్చాడు. చేతిలోని కరపత్రంలో ఆ మాట లేదు.

గురవమ్మ దొడ్డి ఊడుస్తూ తలెత్తలేదు. "బూర అటు తిప్పయ్యా. ఈనబోయే గొర్రెలున్నాయి, బెదురుతాయి" అంది.

సాయంత్రం అత్త కోటమ్మ కొంగు ముడిలోంచి కొడుకిచ్చిన రెండు పాసులు తీసింది. "నేను పోతానమ్మే. నువ్వు రాకపోతే మానె."

"రాకేం అత్తా? నీ కొడుకు అంత దూరం నుంచి బొమ్మ తెప్పించినాడు. ఏం చెప్పినాడో వినాల గదా" అని గురవమ్మ జడ బిగించి బయల్దేరింది.

డేరాలో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క. మధ్యన పాత దుప్పట్లు కుట్టిన అడ్డం. మిషను ఒక్కటే. ఒక రీలు అయిపోగానే దీపం వేసి, ఇంకో రీలు ఎక్కించేదాకా జనాన్ని మాటలకు వదిలేస్తారు. మామూలుగా ఆ కాస్తసేపట్లో ఆడవాళ్లు బొరుగులు తింటారు. ఆ రోజు గురవమ్మను తిన్నారు.

మొదటి రీలులో మొగుడు పెళ్లాన్ని వదిలేసి రైలెక్కాడు. దీపం వెలిగింది. పక్కింటి పిచ్చమ్మ మోకాళ్ల మీద లేచి వెనక్కి తిరిగింది. "చూసినావా గురవా? ఆయప్పకు గూడా పాపం, పోబుద్ధి కాలేదు. ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసినాడో!"

"చూడక? టిక్కెట్టు పడిపోయిందేమోనని చూసినాడు."

ఆడవాళ్లు ఫక్కుమన్నారు. అడ్డం అవతల ఎవరో దగ్గారు. గురవమ్మకు ఆ దగ్గు తెలుసు.

రెండో రీలులో కరువొచ్చింది. కథానాయిక ఎండిన చెరువులో కూర్చుని పొడవైన పాట పాడింది. మూడో రీలులో ఇంట్లో ఉన్న ఒక్క గుక్కెడు గంజిని దూడకు తాగించి, తాను ఖాళీ ముంత కడుక్కుని ఆ నీళ్లు తాగింది. అక్కడ గురవమ్మ కళ్లు నిండిపోయాయి. దీపం వెలిగేసరికి తుడుచుకోవడానికి టైము చాలలేదు.

"ఏడ్చింది! ఏడ్చింది!" పిచ్చమ్మ చేతులు చరిచింది. "కరిగినావులే!"

"దూడకు ఏడ్చినా. దాని మొగుడి కోసం కాదు" అని గురవమ్మ ముక్కు చీదుకుంది. "అయినా ఆ పాట పాడేంతసేపట్లో రెండు మోపుల ఆకు కోయొచ్చు. దూడకు గంజి పోసే పనుండేది కాదు."

అందరూ నవ్వారుగాని కోటమ్మ నవ్వలేదు. ఆమె కోడలి మోచేయి పట్టుకుని చెవి దగ్గరకు వంగింది. "రేపు నువ్వు తెంచుకుంటే నేనేడికి పోవాల గురవా? వాడి డేరాలోనా?"

గురవమ్మ మొదటిసారి ఉలిక్కిపడింది. అత్త కొడుకు కోసం బతిమాలుతోందనుకుందిగాని, ఈ భయం మోస్తోందని అనుకోలేదు. ఆ మూడేళ్లూ ఇంటికి తాళం పడకుండా చూసింది ఈ ముసలమ్మే. అడవిలో ఉన్న కోడలికి సజ్జ రొట్టెలు కట్టుకుని, పదిహేను రోజులకొకసారి, చెప్పులు లేకుండా నడిచొచ్చింది ఈమే.

"నువ్వు నాకాడే ఉంటావు. నేనేం చెప్పినా నువ్వు నాకాడే. దానికీ దీనికీ సంబంధం లే" అంది గురవమ్మ.

కోటమ్మ మోచేయి వదిలేసి, కోడలి ఒళ్లోని బొరుగులు ఒక గుప్పెడు తీసుకుంది. ఆ తర్వాత హాయిగా సినిమా చూసింది.

చివరి రీలులో మొగుడు గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. పెళ్లాం పరుగెత్తుకెళ్లి అతని పాదాలు కన్నీళ్లతో కడిగింది. డేరా అంతా ఏడ్చింది. గురవమ్మకు ఒకటే అనిపించింది. ఇన్నేళ్లూ నడిచింది ఆమె, కడిగించుకునేది అతనా?

మర్నాడు పొద్దున పెద్దలు గురవమ్మ గొర్రెల దొడ్డి ముందు కూర్చున్నారు. ఊరు సగం అక్కడే ఉంది. కాశయ్య కంపెనీ చొక్కా వేసుకుని, బూర చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద డేరా సామాను బండ్లకెక్కుతోంది. మధ్యాహ్నానికి అవి గిద్దలూరు పోవాలి.

"రాత్రి బొమ్మ గురవ చూసింది గదా మామా" అన్నాడు కాశయ్య పుల్లయ్యతో. "అందరూ ఏడ్చినారు. నేను తప్పు చేసినా. ఆకలికి తట్టుకోలేక ఇల్లు వదిలి పోయినా. ముఖం చెల్లక రాలేకపోయినా. ఇంక పోను."

ఆ చివరి మాట బూర గొంతుతో కాకుండా మామూలు గొంతుతో వచ్చింది. గురవమ్మ అది గమనించింది.

"ఏమ్మా గురవా, ఏమంటావు?" అని పుల్లయ్య అడిగాడు.

గురవమ్మ దొడ్డి తడిక తీసింది. "ఆయప్పను మందను పిలవమను మామా. పిలిచి, ఆ వేపచెట్టు దాకా తోలుకుపొమ్మను."

జనం గుసగుసలాడారు. కాశయ్య ముఖం వెలిగింది. పుట్టినప్పటి నుంచీ చేసిన పని. బూర కింద పెట్టి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "హోయ్... ట్రుర్ర్‌ర్, హోయ్!" అని పిలిచాడు.

డెబ్బై గొర్రెలు తలలెత్తి చూశాయి. చూసి, గురవమ్మ వైపు తిరిగాయి. ఒక పొట్టేలు తుమ్మింది. అతను మళ్లీ పిలిచాడు. ఈసారి గట్టిగా, ఊరంతా వినబడేట్టు. గొర్రెపిల్లలు బెదిరి తల్లుల పొట్టల కిందికి దూరాయి.

"టిక్కెట్లు అయిపోయినాయేమో రా కాశయ్యా!" అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

అప్పుడు మంద వెనక నుంచి ఒక ముసలి గొర్రె తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎడమ ముందుకాలు ఈడుస్తూ కాశయ్య దాకా వచ్చి, అతని అరచెయ్యి వాసన చూసింది.

కాశయ్య కూలబడిపోయాడు. "ఇది... కుంటిది గదా? ఇంకా బతికే ఉందా?"

"అప్పటివి అమ్మినవి పోగా అదొక్కటే మిగిలింది" అంది గురవమ్మ. "తక్కినవన్నీ నువ్వు పోయినాక పుట్టినవి. నువ్వెవరో వాటికి తెలియదు. నీ గురించి నాకూ అంతే తెలుసు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె గోడకానించిన దోటికర్ర తీసుకొచ్చి అతని ముందు నిలబెట్టింది.

"ఈ పొద్దు నుంచి మందను నువ్వు తోలుకో. రాత్రి చేలల్లో మందకాడే పండుకో. సంగటి నేను తెస్తా. ఎన్నాళ్లయినా సరే, నువ్వు పిలిస్తే మంద నీ వైపు తిరిగిన పొద్దు వచ్చి నన్నడుగు. అప్పుడు చెప్తా. మధ్యలో పోతే మాత్రం పెద్దల్ని మళ్లీ కూర్చోబెట్టను, తెగినట్టే."

పుల్లయ్య గడ్డం గోక్కున్నాడు. "మరి అందాక వీడు మొగుడా, జీతగాడా?"

"ఆ మాట గొర్రెల్నడుగు మామా."

రోడ్డు మీద నుంచి డేరా మనిషి, "కాశయ్యా, బండెక్కుతావా లేదా?" అని కేకేశాడు. కాశయ్య రోడ్డు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. కోటమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, కోడలి పక్కకు జరిగి నిలబడింది.

కాశయ్య లేచి, కంపెనీ చొక్కా విప్పి బూరకు చుట్టి, బండి మనిషికి ఇచ్చి వచ్చాడు. దోటికర్ర అందుకున్నాడు. మొదటి మలుపు దాకా గురవమ్మ ముందు నడిస్తే గాని మంద కదల్లేదు. అక్కణ్ణుంచి ఆమె పక్కకు తప్పుకుంది.

మధ్యాహ్నం సంగటి ముద్ద, గోంగూర పచ్చడి తీసుకుని ఆమె మేతకు పోయింది. గొర్రెలు గుట్ట వాలున మేస్తున్నాయి. కాశయ్య గొంతు అప్పటికే బొంగురుపోయింది. తుమ్మచెట్టు కింద నిలబడి పిలుస్తుంటే, కుంటి గొర్రె తప్ప ఏదీ తలెత్తడం లేదు. ఒక చిన్న గొర్రెపిల్ల మాత్రం చెవి తిప్పింది. అది అతను చూడలేదు, ఆమె చూసింది.

సంగటి ముంత బండ మీద పెట్టి, "సినిమాకు జనాన్ని పిలిచినట్ల పిలవబాకు. మెల్లగా పిలువు, వింటాయి" అని చెప్పి, గురవమ్మ ఇంటి దారి పట్టింది. ఇంటి దగ్గర ఈనడానికి రెండు గొర్రెలు సిద్ధంగా ఉన్నాయి.