పదిహేడు అడుగులు

చప్పుళ్ళాయన తుప్పు పట్టిన గొళ్ళేన్ని మైకు ముందు అటూ ఇటూ ఆడించి, విని, పెదవి విరిచాడు. ఇంకా కిర్రుమనాలి. రెండు రోజులు ఉప్పునీళ్ళలో నానబెట్టినా దానికి బుద్ధి రాలేదు.

పొట్టి మనిషి. పొట్ట మాత్రం పొట్టిది కాదు. గుండీలు బల్లకు తగిలి టక్కుమంటాయని పీకేసి, చొక్కాను దారాలతో ముడేసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ రేడియో స్టేషన్ నాటకాల్లో వాన ఆయనే, గుర్రం ఆయనే, అలిగిన పెళ్ళాం విసిరే గిన్నే ఆయనే. అసలు వచ్చింది గోడలకు సున్నం వెయ్యడానికి. నాటకం నడుస్తుండగా బాల్చీతో సహా నిచ్చెన మీంచి జారాడు. భూకంపం అద్భుతంగా ఉందని శ్రోతలు ఉత్తరాలు రాశారు. మర్నాడే ఉద్యోగం. పేరు మాత్రం రేడియోలో ఏనాడూ ఎవరూ చదవలేదు.

యుద్ధం వచ్చాక సైనికుల కార్యక్రమంలో చివరి ఐదు నిమిషాలు ఆయనవి. సరిహద్దులో ఉన్నవాళ్ళు తమ ఇంటి చప్పుళ్ళు ఎలా ఉంటాయో రాస్తే, వాటిని పుట్టించి వినిపిస్తాడు.

ఆఫీసరు ఒక రికార్డు పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఇవాళ్టి నుంచి ఇంటి చప్పుళ్ళు బంద్. కుర్రాళ్ళు బెంగ పెట్టుకుంటున్నారట. డప్పుల రికార్డు వెయ్యి."

"ఇంటి మీద బెంగ లేనివాడు దేనికోసం పోరాడతాడండీ?"

"పోరాటం గురించి నీకేం తెలుసయ్యా?"

"పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళయిందండీ."

ఆఫీసరు నవ్వలేదు. "వెయ్యకపోతే ఇంటికి పో" అని బయటికి నడిచాడు.

ఉత్తరాలు చదివే అమ్మాయి ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. ఆసుపత్రిలో కళ్ళకు కట్టుతో పడుకున్న ఒక సైనికుడు నర్సు చేత రాయించాడు: మా గేటు గొళ్ళెం, మా నాన్న దగ్గు, గేటు నుంచి గుమ్మానికి నా పదిహేడు అడుగులు.

"ఆయనకి రేపే ఆపరేషన్, బాబాయ్. బతకడం కూడా అనుమానమే అంట. ఇవాళ వినిపిస్తామని మాటిచ్చాం."

"ఏడవకే తల్లీ. పైవాళ్ళ మాట వినాలి. ఆ రికార్డు ఇలా ఇవ్వు."

రికార్డును పదిలంగా కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చున్నాడు. ఫట్!

"అయ్యో, ఒళ్ళొచ్చేసిందే నాకు!"

అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది.

దీపం వెలుగుతుండగా ఎవరూ తలుపు తెరవకూడదు. తలుపు మీదున్న ఆ ఆజ్ఞ కింద సంతకం ఆఫీసరుదే. ప్రసారం మధ్యలో ఆపడానికీ లేదు. యుద్ధకాలంలో రేడియో మూగబోతే, స్టేషన్ శత్రువు చేతికి చిక్కిందని ఊరు ఊరంతా పరుగులు తీస్తుంది. పాపం ఆఫీసరు అద్దం అవతల చేపలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు.

గొళ్ళెం ఈసారి కిర్రుమంది. ఉత్తరంలో రాసినట్టే రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు.

"ఇప్పుడా రావడం, వెధవా? మీ అమ్మ గుమ్మం వదలనంటోంది!" ఆ నాన్న గొంతూ ఆయనే.

చప్పుళ్ళాయన బల్ల కింది నుంచి కంకర నింపిన చెక్క తొట్టి లాగి, బూట్లతో అందులోకి దిగాడు. ఉన్నచోటే నడిచాడు. మొదట మెల్లగా, అలిసిపోయినవాడిలా. పద్నాలుగో అడుగు నుంచి పరుగు. అద్దం అవతలి మనిషి వంక చూస్తూనే పదిహేడూ పూర్తి చేశాడు. ఒక్క అడుగు కూడా తగ్గించలేదు.

దీపం ఆరింది. తలుపు ధడేల్మంది.

"రేపట్నుంచి రానక్కర్లేదు!"

"ఎల్లుండి కూడా రానండి."

అమ్మాయి దగ్గరకొచ్చింది. "ఉద్యోగం పోయింది కదా, బాబాయ్!"

"పోతే పోయింది. చప్పుడు మాత్రం చేరాల్సిన చోటికి చేరింది."

గొళ్ళేలు, గిన్నెలు, రేకులు అన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు మునివేళ్ళ మీద నడిచిన ఆ వరండాలో ఆ రోజు సంచిని ఈడ్చుకుంటూ, స్టేషనంతా దద్దరిల్లేలా ఢణఢణా వెళ్ళిపోయాడు.

బరువని తొట్టిని వదిలేశాడు. మైకు ముందు, కంకరలో, బూట్లు దిగిన రెండు గోతులు. ఎడమదానికంటే కుడిది కొంచెం లోతు. పదిహేడో అడుగు కుడికాలిదే.