కిటికీకి కట్టిన తువ్వాలు

ఆఫీసు నాలుగో అంతస్తు కిటికీకి ఎర్ర తువ్వాలు కడితే టీ, తెల్లది కడితే కాఫీ. రోడ్డవతల కొట్టు నడిపే పిన్నికి చెవుడు, ఫోను ఎత్తదు. ఆ ఆఫీసు పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

కొత్త ఉత్తర్వు దానికి ఎసరు పెట్టింది. ప్రభుత్వ భవనం మీద జాతీయ జెండా తప్ప మరే గుడ్డ కనిపించినా అది అనుమతి లేని జెండానే. కట్టినవాడు సస్పెండు.

హెడ్ క్లర్కు తువ్వాళ్లను సొరుగులో పడేసి తాళం వేశాడు. ఎందుకైనా మంచిదని కర్టెన్లు కూడా పీకించాడు. తనిఖీ అధికారి 'అంతా సవ్యం' అని రాస్తే ఏళ్లుగా ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీ అతనిదే. లేదంటే ఎక్కడో గోడౌనుకి బదిలీ.

ఉత్తర్వు రాసిన అధికారే తనిఖీకి దిగాడు. డాబా ఎక్కి జెండా తాడు లాగి చూశాడు. మెట్ల కింద నేల తుడిచే గుడ్డను కూడా వదల్లేదు. చివరికి కర్టెన్లు లేని గదిలో, ఎండ మొహాన కొడుతుంటే, చెమటలు కక్కుతూ కూలబడ్డాడు.

"టీ చెప్పండయ్యా."

ఎవరూ కదల్లేదు.

"చెప్పాలంటే తువ్వాలు కట్టాలి సార్," అంది టైపిస్టు.

"ఎవరో ఒకరు దిగి వెళ్లండి."

"తనిఖీ అయ్యేదాకా సీటు వదలొద్దన్నారు కదా సార్. మా హెడ్ క్లర్కు బాబాయ్‌గారు బాత్రూముకి కూడా పోవట్లేదు."

హెడ్ క్లర్కు ఆమెను కొరకొరా చూశాడు.

అధికారి విసుగ్గా రుమాలు తీసి మొహం, మెడ తుడుచుకున్నాడు. తడిసి ముద్దయిన దాన్ని ఆరేందుకు కిటికీ ఊచకి తగిలించాడు. తెల్ల రుమాలు.

హెడ్ క్లర్కు దాన్ని చూశాడు. చెబితే ఆయనకి కోపం. చెప్పకపోతే కిటికీ తన ఆఫీసుది, నేరం తనది. ఎటూ తేల్చుకోలేక అతను కుర్చీలోంచి సగం లేచేలోగానే పిన్ని ఫ్లాస్కుతో గుమ్మంలో నిలబడింది.

"పొద్దుట్నుంచీ మీ జెండా కనపడకపోతే ఆఫీసు ఎత్తేశారేమో అనుకున్నా నాయనా. తెల్లజెండా కట్టిన పుణ్యాత్ముడెవరు?"

అందరి కళ్లూ రుమాలు మీదికి, అక్కణ్ణించి అధికారి మీదికి వెళ్లాయి. ఆయన మొహం కూడా రుమాలులాగే తెల్లబడింది.

హెడ్ క్లర్కు కాఫీ కప్పు పక్కనే రిపోర్టూ పెన్నూ పెట్టాడు.

"చక్కెర ఎంత వెయ్యమంటారు సార్?" అన్నాడు మెత్తగా.

అధికారి 'అంతా సవ్యం' అని గీకి, నోరు కాలుతున్నా కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

సాయంత్రానికల్లా ఉత్తర్వుకి సవరణ వచ్చింది: తడిగుడ్డ జెండా కిందికి రాదు.

మర్నాడు కొత్త సూపరింటెండెంటు కుర్చీలో సర్దుకుని కూర్చుని మొదటి ఆదేశం జారీ చేశాడు. ఎర్ర తువ్వాలును బకెట్లో ముంచి, పిండకుండా, కిటికీకి కట్టారు.

కింద ఫుట్‌పాత్ మీద ఒక్కొక్కటిగా గొడుగులు విచ్చుకున్నాయి.