వీణకు కాసిన పిందె

మీరేం చూశారో ముందు చెప్పండి. గోపాలపట్నంలో ఆ రెండో అంతస్తు కిటికీలో, వీణ మీద చున్నీ కప్పుతున్న పిల్లని చూశారు కదా? వీణంటే చిరాకు, కంటికి కనపడకుండా కప్పేస్తోంది అనుకున్నారు. ఇంట్లో వాళ్ళూ అదే అనుకున్నారు. ఎంత జాగ్రత్తగా కప్పుతోందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

ఆ పిల్ల ఆశాజ్యోతి. ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి దుర్గారావుది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం. ఆ వీణ తల్లి అనూరాధ కోనసీమ నుంచి కాపరానికి వస్తూ తెచ్చుకున్నది, ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. ఆమె వాయించినన్నాళ్ళూ ఆ వీణ ఏటా రెండు పనసకాయలైనా కాసేది. పండితే తొనలు అపార్టుమెంటు మొత్తానికీ పంచేది. తొన కొరికితే, వాయించినవాళ్ళ రాగం చెవిలో సన్నగా పలికేది. అనూరాధ కాయల్లో ఎప్పుడూ కల్యాణి రాగమే. మూడేళ్ళ కిందట వేళ్ళకి నొప్పులు పట్టి, వీణని, చిన్నప్పుడే పాఠాలు నేర్పిన కూతురికి అప్పగించింది. అప్పట్నుంచి ఒక్క కాయ లేదు.

"ఏటే పిల్లా, ఈ ఏడూ నేదా?" అని కింద ఇంటి సన్యాసమ్మ మెట్ల మీద ఆపి అడిగేది. "మీ అమ్మ సేతిలో విరగ్గాసీది. నీకు ఫోను మీదున్న సరదా దాని మీద నేదు."

"ఈ రోజుల్లో వీణ ఎవరు వింటారు మామ్మా? కాలేజీలో చెబితే నవ్వుతారు."

అదే మాట ఇంట్లోనూ అనేది. అందరూ నిజమే అనుకున్నారు. ఇష్టం లేని పిల్ల నెత్తిన రుద్దడం దేనికని, దుర్గారావు పెందుర్తి సంగీతం మాస్టారు గవర్రాజుకి మాటిచ్చేశాడు. నెలాఖరు ఆదివారం వచ్చి వీణ పట్టుకెళ్ళమన్నాడు.

ఆ మాట విన్న రోజు ఆశాజ్యోతికి అన్నం దిగలేదు. ఎందుకో తనకే తెలీలేదు. మర్నాటి నుంచి, తల్లి రైతుబజారుకి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి మోహన రాగం వాయించడం మొదలుపెట్టింది. మూడేళ్ళు వెక్కిరించిన నోటితో ఇష్టమని ఎలా చెబుతుంది?

పదో రోజున వీణ కుండ కింద వేలెడంత పిందె వేసింది. ఇంకాస్త పెరగనీ, నాన్నకి చూపిస్తాను, నోరు విప్పే పని ఉండదు అనుకుని చున్నీ కప్పింది. ఇక లెక్కల క్లాసులో కూర్చున్నా ధ్యాస అక్కడే. చున్నీ జారిందేమో. తొడిమ నిలిచిందో లేదో. ఆదివారానికి ఇంకెన్ని పూటలు.

శనివారం గుమ్మంలోకి రాగానే ఆవ ఘాటు ముక్కుకి తగిలింది.

"చెయ్యి కడుక్కో. పనసపొట్టు కూర చేశాను," అంది అనూరాధ. "వెళ్ళిపోయే వీణ కదా అని పోయిన వారం నాలుగు తీగలు మీటాను. ఇవాళ తుడుద్దామని గుడ్డ తీస్తే గుప్పెడు పిందె, రేపు వీణతో పోతుందని దాన్నే కోశాను. నా చెయ్యి పూర్తిగా పోలేదే."

చున్నీ మడతపెట్టి కుర్చీ మీద ఉంది. తల్లి మొహంలో ఆ వెలుగు చూసి ఆశాజ్యోతి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

షిఫ్టు దిగి వచ్చిన దుర్గారావు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"అనూరాధా, ఇది కల్యాణి కాదు."

"లేత పిందె కదండీ, సరిగా పలకదు."

"బాగానే పలుకుతోంది. మోహన. గాంధారం దగ్గర తడబడుతోంది, వెనక్కొస్తోంది, మళ్ళీ అక్కడికే వెళ్తోంది. నీకు తడబాటెక్కడిది?" కూతురి వైపు తిరిగాడు. "నువ్వా?"

"నాకు తెలీదు నాన్నా," అంది ఆశాజ్యోతి కంచంలోకి చూస్తూ. ఆమె చెవిలోనూ అదే మోగుతోంది.

అనూరాధ గరిటె కింద పెట్టి, కుర్చీ మీది చున్నీ కేసి చూసింది.

దుర్గారావు ఎడంచేత్తో ఫోను తీశాడు. "గవర్రాజు గారూ, రేపు రాకండి. లేదండీ, ఇంట్లో వాయించే మనిషి ఉంది."

ఆ ముద్ద అతని నోట్లో పడింది కాబట్టి సరిపోయింది. అందరి ఇళ్ళలో వీణలు కాయవు. మీ పిల్ల "నాకిష్టం లేదు" అన్నప్పుడు, మీరు రెండోసారి అడిగారా?